ఒక్కడు విన్న సైరన్

మోచేతి మడతల దూది పెట్టి
గట్టిగ ఒత్తిపట్టుకో అక్కా, అన్నది నర్సు.
గొట్టం మీద నా పేరు లేదు.
నాలుగు వందల పదిహేడు అని ఉంది.

అంతకుముందు డాక్టర్ సాబ్
తెల్లకాగితం మీద మా ఇంటిని గీసిండు.
మొగోళ్లకు డబ్బా, ఆడోళ్లకు సున్నా.
మతి చెదిరినోళ్లుంటే
లోపల నలుపు నింపాలె.
"మీ ఇంట్ల ఎవరన్న?"

చిన్నతాత రాజవీరు, అన్న.
ఆజంజాహి మిల్లుల స్పిన్నింగు ఖాతా.
మిల్లు మూసినంక,
గేటుకు తాళం పడ్డంక,
మిషిన్లు తుక్కు లెక్కన లారీలెక్కినంక గూడ
పొద్దుగాల ఆరింటికి ఆయనకు సైరన్ వినబడేది.
మొఖం కడుక్కొని
టిఫిన్‌ల జొన్నరొట్టె పెట్టించుకొని
కొత్తవాడ గల్లీలు దాటి నడిచేటోడు.
కూలిన గోడ ముందు నిలబడి
డ్యూటీ మొత్తం చేసి
రెండింటికి దిగి ఇంటికొచ్చేటోడు.
మేం జబ్బు అనలే.
మిల్లు రంది అన్నం.
కాజీపేట దర్గల తాయెత్తు కట్టించినం.
డబ్బా నిండింది.

ఇంకా, అన్నడు.
మా చెల్లె వినీల.
ఇరవై రెండేండ్లప్పుడు, లెక్కల్ల ఫస్టు.
రేషన్ షాపుల వేలు పెట్టే మిషిన్
తన మనసుల మాటలన్ని
లైన్ల నిలబడ్డోళ్లకు వినిపిస్తందని
పది వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకున్నది.
మూడు నెలలు విప్పలే.
అన్నం కలిపి నేనే ముద్దలు పెట్టిన.
ఇప్పుడు మాత్రలేసుకుంటది.
హన్మకొండ చౌరస్తాల బట్టల దుకాణంల
లెక్కలు రాస్తది, రూపాయి తేడా రాదు.
అది గూడ చెప్పిన. దానికి గుర్తు లేదట.
సున్నా నిండింది.

ఒక్క అక్షరం తప్పుతోని వచ్చేది కాదమ్మా ఇది.
వందల జాగల్ల చిన్న చిన్న గుర్తులుంటయి,
ఒక్కోటి ఆవగింజంత.
గింజలన్ని ఒక్క దిక్కే పడ్డా
తక్కెడ ఒరగకపోవచ్చు.
ఇంటి చరిత్రల ఏమీ లేనోళ్లకు ఒరగొచ్చు.
తెగిన నిద్ర, గంజాయి,
పసితనంల తిన్న దెబ్బలు, పోయిన కొలువు,
ఇవి గూడ వచ్చి తక్కెట్ల కూసుంటయి.

మరి నా కొడుకు సంగతి సార్?
వానికి పదిహేనేండ్లు.
రాత్రి తలుపేసుకొని నవ్వుతడు.
తలుపుకు చెవి పెట్టి నిలబడుత.
ఫోన్ల అవతలి గొంతు వినబడేదాక
అక్కడి నుంచి కదల.

పెన్ను పక్కన పెట్టిండు డాక్టర్.
"నీ ఒక్కదాని రక్తం నీకేం చెప్పదమ్మా.
వేలమందిది కలిపి చూస్తే
ఏమన్న తెలుస్తది. గది గూడ నెమ్మదిగ."

నవ్వాగలేదు నాకు.
చిన్నతాత యాదికొచ్చిండు.
వేలమంది ఒక్కసారి వింటే
అది షిఫ్టు.
ఆయనొక్కడు వింటే
నల్లడబ్బా.

కాగితం ఇంకోపారి నా దిక్కు తిప్పుకున్న.
చిన్నతాత పక్కన చిన్నవ్వ రామక్క,
ఉత్త సున్నా.
పదకొండేండ్లు
తెల్లారకముందే పొయ్యి ముట్టించి
రొట్టె కాల్చి డబ్బ కట్టిచ్చిన మనిషి.
మిల్లెక్కడిదయ్య అని
ఒక్క పొద్దు గూడ అనని మనిషి.
"సార్, ఈమెకేం గుర్తు పెడతరు?"
కొద్దిసేపు చూసిండు.
"ఆమె మీ ఇంటికి కోడలు గదమ్మా.
మీ రక్తం కాదు."
మెత్తగనే చెప్పిండు. తప్పేం లేదు.

ఎంజీఎం గేటు బయట చాయ్ తాగుతుంటే
ఎక్కడి నుంచో పొడుగ్గ ఒక కూత.
గ్లాసు పెదవి దగ్గరే ఆగింది.
"అన్నా, ఇప్పుడేమన్న వినబడ్డదా?"
తలెత్తలే.
పాలు పొంగకుండ ఊదుకుంట అన్నడు,
"గూడ్సు గావచ్చు. స్టేషన్ దిక్కు."

పది రూపాయల చాయ్‌కు ఇరవై ఇచ్చి
చిల్లర అడగకుండ వచ్చిన.